గులాబీలకు బూడిద తెగులు

"పిండి జల్లించేటప్పుడు కాస్త చూసుకోవాలమ్మాయ్, గులాబీల మీదంతా పడింది" అంది అత్తయ్య. ఇంట్లో ఎక్కడ ఏ మరక కనిపించినా అందరికీ ముందు నా చేతులే గుర్తొస్తాయి. నేనూ నిజమే కాబోలనుకుని, తడిగుడ్డ తెచ్చి వాకిట్లో ఉన్న మూడు మొక్కల ఆకులనూ తుడిచాను. నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ అదే తెలుపు. లేత ఆకులు ముడుచుకుపోయాయి. మొగ్గల మెడ చుట్టూ పొడి పేరుకుంది. పిండి అయితే తుడిచాక మళ్ళీ పుట్టదు కదా!

"పీకి పారెయ్. వచ్చే నెల మా ఆఫీసరు, వాళ్ళావిడ మనింటికొస్తున్నారు. ఈ రోగిష్టి మొక్కలు వాళ్ళ కంట పడకూడదు" అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

పీకుదామనే వెళ్ళాను. ఎందుకో అత్తయ్య పేపరు చదువుకునే భూతద్దం తీసుకుని ఒక ఆకు మీద పెట్టి చూశాను. అది పొడి కాదు. సన్నని దారాలు, వాటి మీద నిలబడ్డ పూసలు. ప్రాణమున్నది! ఎక్కడి నుంచి వచ్చింది? ఏం తింటుంది? పాత ఆకుల్ని వదిలి లేతవాటినే ఎందుకు పట్టుకుంటుంది? పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. పెళ్ళయ్యాక నేనడిగే ప్రశ్నలన్నీ 'ఇంకాస్త వడ్డించనా?', 'ఏ చొక్కా తీయను?' లాంటివే. జవాబు కోసం నా ప్రాణం ఇలా కొట్టుకుని ఎన్నేళ్ళయిందో.

నేను పనిచేసేది లైబ్రరీలో. తోటపని పుస్తకం తెరిచి నిలబడితే మా లైబ్రేరియన్ నవ్వుతూ, "మీరున్నది పుస్తకాలు సర్దడానికమ్మా, చదవడానికి కాదు" అన్నాడు. ఎప్పటిలా మూసేయలేదు. పేజీ తిప్పాను. దాని పేరు బూడిద తెగులట. గాలి ఆడని చోట, కొమ్మలు ఒకదాన్నొకటి నొక్కుకునే చోట ముదురుతుందట.

మర్నాడు ఒక మొక్కకు నీళ్ళు కలిపిన పాలు ఎండలో చల్లాను. రెండోదానికి వంటసోడా నీళ్ళు. మూడోదాన్ని అలాగే వదిలేశాను.

"పాలన్నీ మొక్కల పాలు చేస్తున్నావా?" అత్తయ్య గుమ్మంలోంచి అరిచింది. "సరే, ఆ మూడోది ఏం పాపం చేసింది?"

"దేనివల్ల తగ్గిందో తెలియాలి కదా అత్తయ్యా."

వారం గడిచింది. ఓ పొద్దున అత్తయ్య నాకంటే ముందు భూతద్దంతో వాకిట్లో వంగి ఉంది. "అమ్మాయ్, సోడా ఎక్కువేశావ్. అంచులు మాడిపోయాయి చూడు. పాలు పోసింది మాత్రం తేరుకుంటోంది." ఆమె గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఇద్దరం కలిసి తెగులు పట్టిన ఆకులు కోసేశాం, గుబురు కొమ్మలు కత్తిరించాం, సోడా మానేసి మూడింటికీ పాలనీళ్ళే చల్లాం. కొత్త చిగుళ్ళు శుభ్రంగా, ఎర్రగా వచ్చాయి.

ఆఫీసరు దంపతులు వచ్చే రోజుకి మూడూ విరగబూశాయి.

"మా గులాబీలన్నీ బూడిద తెగులుతో పోయాయండీ. మీవి ఎలా నిలబెట్టారు?" అని అడిగింది ఆఫీసరు భార్య.

"నేనే దగ్గరుండి మందు కొట్టానండీ" అన్నారు మా ఆయన.

"ఏం మందు?"

ఆయన వంటింటి వైపు తిరిగి, "ఏమోయ్, ఆ రోజు నేను కొట్టిన మందు పేరేమిటి?" అని కేకేశారు.

నేను టీ పెట్టబోతున్నాను. పొయ్యి ఆపేశాను. చేతులు తుడుచుకుని వాకిట్లోకి వచ్చి ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మందు కాదండీ, పాలు. నేనూ మా అత్తయ్యా చల్లాం. మొదటినుంచీ చెబుతాను, కొంచెం టైం పడుతుంది" అని మా ఆయన వైపు తిరిగాను. "ఈలోపు టీ మీరు పెట్టండి."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు.

అత్తయ్య ఆఫీసరు భార్య చేతికి భూతద్దం అందిస్తూ, తల తిప్పకుండానే అంది: "పంచదార పై అరలో ఉందిరా."