కోత అయ్యాక చూద్దాం

సముద్రం అవతలి చెరకు దీవిలో, షెమాన్ గ్రెనియే ఊళ్ళో ఈశ్వరమ్మ కొట్టుకి వెళితే బియ్యం, కందిపప్పుతో పాటు సలహా కూడా దొరికేది. సలహాకి డబ్బు పుచ్చుకునేది కాదు గాని, వినకుండా వెళ్ళిపోయినవాళ్ళకి మర్నాడు తూకంలో చెయ్యి బిగించేది. మొగుడు శివయ్య మాట త్రాసు దగ్గర తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా చెల్లేది కాదు.

ఇంగ్లీషు జెండా దిగిపోతుందని రేడియోలో చెబుతున్న రోజులవి. కొడుకు నారాయణ చెరకు ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా పనికి అర్జీ పెట్టుకున్నాడు. కోత అయ్యాక చూద్దాం, ఈలోగా ఇంకెక్కడా చేరిపోకు అన్నాడు అక్కడి పెద్ద గుమాస్తా. కాత్ర్ బోర్న్ పట్నం నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పని దొరికితే పిల్లనిస్తాం, లేకపోతే చూద్దాం అన్నారు వాళ్ళు. ఇక ఈశ్వరమ్మ తన తమ్ముడు చిన్నయ్యతో, "నీ పిల్ల సంగతి కోత అయ్యాక చూద్దాంలే" అంది.

చిన్నయ్య కూతురు పైడమ్మ నారాయణకి మేనరికం. మన తెలుగువాళ్ళలో మేనత్త కొడుక్కే మొదటి హక్కు కదా. ఆ హక్కు తేలేదాకా ఇంకొకరు పిల్లనడగరు. ఇష్టమైతే మేనత్త పసుపూ కుంకుమా పెట్టిన పళ్ళెం తేవాలి. అక్కర్లేదనుకుంటే అవి లేకుండా ఆకూ వక్కా కొబ్బరికాయా తెచ్చి, హక్కు వదులుకున్నాం అని చెప్పాలి. ఈశ్వరమ్మ రెండిట్లో ఏదీ తేలేదు. కాత్ర్ బోర్న్ పిల్ల తండ్రికి సిమెంటు ఇల్లుంది. చిన్నయ్యకి ఉన్నది ఒక చెక్క చెరకు తోట. పెద్ద సంబంధం కుదిరితే సరే, కుదరకపోతే ఇంట్లో పిల్ల ఎక్కడికి పోతుందని ఆమె ధీమా. తాను తినదు, ఒకరిని తిననివ్వదు అని ఆడవాళ్ళు అనుకున్నారు. కొట్టు దాటాకే అనుకున్నారు లెండి.

కోత మధ్యలో ఫీనిక్స్ అనే ఊరి నుంచి ఒక మెకానిక్ తల్లి చిన్నయ్య ఇంటికి వచ్చింది. రామభజనలో పైడమ్మ పాడుతుంటే ఆమె కొడుకు విన్నాడట. పైడమ్మా అతన్ని చూసింది, నచ్చాడు కూడా. అయినా అక్క మాట ఇంకా రాలేదని చెప్పి చిన్నయ్య వాళ్ళని ఆపాడు. ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వచ్చి, ఔననో కాదనో చెప్పెయ్యమని బతిమాలాడు. ఆమె టీ ఇచ్చి, తొందరపడితే పనులు చెడతాయని నీతి చెప్పి పంపింది.

కోత అయింది. గుమాస్తా పని పెద్ద గుమాస్తా అల్లుడికి పోయింది. వెంటనే కాత్ర్ బోర్న్ వాళ్ళకి జాతకాలు కుదరలేదు. ఆఫీసు మాట నమ్మి, బళ్ళో తెలుగు చెప్పే పని కూడా వదులుకున్న నారాయణ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈశ్వరమ్మ కొట్టు మధ్యలో నిలబడి శాపనార్థాలు మొదలుపెట్టింది.

"ఇస్తే ఇస్తాననాల, లేకపోతే పొమ్మనాల. మనిషిని గుమ్మంలో నిలబెట్టి, ఇంకో ఇంటికి పోనీకుండా! ఆయో, ఆ బిరో వాళ్ళకి, ఆ ఆఫీసోళ్ళకి సిగ్గు లేదా?"

"పైడమ్మ కూడా గుమ్మంలోనే ఉంది" అన్నాడు శివయ్య, తూకం రాళ్ళు సర్దుతూ.

ఆయన ఒకందుకు అంటే ఆమెకి ఇంకొకటి వినబడింది. గుమ్మంలో ఉంటే మరీ మంచిది, లోపలికి పిలుచుకోవడం ఎంతసేపు! మర్నాడు పొద్దున్నే పసుపూ కుంకుమా పొట్లాలు, రవికెగుడ్డ, ఆకూ వక్కా, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టుకుని, కోసేసిన చెరకు చేల మధ్యనుంచి తమ్ముడింటికి నడిచింది.

పసుపు చూసి మరదలు సుబ్బమ్మకి కళ్ళనీళ్ళు వచ్చాయి. చిన్నయ్య చాప పరిచి, అక్క మమ్మల్ని మరిచిపోలేదని నలుగురికీ వినబడేలా అన్నాడు. పైడమ్మ మంచినీళ్ళు తెచ్చి, పళ్ళెం వంక చూసింది.

"కాత్ర్ బోర్న్ వాళ్ళు పా లే అన్నారా, అత్తా? వద్దన్నారా?"

సుబ్బమ్మ కసిరింది. పైడమ్మ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

"ఫీనిక్స్ వాళ్ళు మొన్న ఆదివారం దాకా ఆగినారు. ఇప్పుడు ఇంకో పిల్లని చూసుకున్నారు. నాకు ఇంక నీ ఇల్లే ఉంది. అందుకని అడిగినాను."

ఈశ్వరమ్మ నాలుక మీద ఎప్పుడూ ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది. ఆ పూట రాలేదు. కొట్లో తాను పెట్టిన శాపనార్థాలు ఒక్కొక్కటే వచ్చి తనకే తగులుతున్నాయి. ముఖం కాలిపోయినట్టయింది. తాను ఎత్తి పెంచిన పిల్ల కళ్ళలోకి చూడలేక సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. దారులన్నీ తానే మూసేసి, మిగిలిన ఒక్కదారిన పిల్లని తోలుకుపోవడానికి చెయ్యి రాలేదు. పళ్ళెంలోంచి పసుపూ కుంకుమా పొట్లాలు, రవికెగుడ్డ తీసి బొడ్లో దోపుకుంది.

"మా హక్కు వదిలినాం, చిన్నయ్యా. పిల్లకి ఇష్టమైన చోట ఇచ్చుకో."

చిన్నయ్య ముఖం మాడిపోయింది. "మేం ఏం తప్పు చేసినాం, అక్కా?" అన్నాడు.

ఇన్ని నెలల్లో ఆమె చేసిన మంచి పని అదొక్కటే. అది తమ్ముడికి అవమానంగా కనిపించింది, విడమరిచి చెప్పే మొహం ఆమెకి లేదు.

పైడమ్మ కొబ్బరికాయ అందుకుని చేతిలో తిప్పి చూసింది. "ఈ కాయ కోతకి ముందే తెచ్చుంటే సరిపోయేది, అత్తా" అని కొట్టడానికి లోపలికి తీసుకెళ్ళింది.

కాసేపటికి ముక్కలు పళ్ళెంలో తెచ్చి, వయసులో పెద్దదని మేనత్తకే ముందు పెట్టింది. ఈశ్వరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. అది మింగుడు పడలేదు.