పాట ఆగిన చోట

పొద్దున్నించీ సున్‌దొక్ గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. విశ్వవిద్యాలయం వాళ్ళ కారు ఏ మలుపులోనో బోల్తా పడిందేమో, టేపు తడిసిందేమో, అన్నీ బాగుండి తన చెవులే మూసుకుపోతాయేమో!

“టేపు తెచ్చే పిల్ల ఇంకా రానేలేదు, దాన్ని కాటికి కూడా పంపేశావా?” అంది మాల్‌సుక్. జెజు దీవి తీరంలో ఇద్దరూ నలభై ఏళ్ళు కలిసి మునిగి ఆల్చిప్పలు ఏరినవాళ్ళే.

నీళ్ళలోంచి తేలగానే బిగబట్టిన ఊపిరి ఈలై బయటికొస్తుంది. ఒకరి ఈల ఇంకొకరికి రాదు. సున్‌దొక్ కూతురు ఓన్‌సిల్ ఈల చివర చిన్న విరుపుండేది. ముప్పయ్యేళ్ళ కిందట ఒక పంతులు ఒడ్డున వీళ్ళచేత తెడ్ల పాట పాడించి టేపు చేసిన రోజు, ఓన్‌సిల్ నీళ్ళలో ఉంది. ఆ చలికాలమే ఒకనాడు మునిగి, మరి తేలలేదు. ఫొటోలున్నాయి. ఊపిరి మాత్రం ఆ టేపులోనే ఉంది.

జెజులోని ఒక విశ్వవిద్యాలయం, సముద్రం అవతల ఇంకొకటి కలిసి ఇప్పుడు పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాయి. అవతలి నుంచి వచ్చిన ఆ పిల్ల, హ్యోజు, చిన్న స్పీకరు తీసి బల్ల మీద పెట్టింది. పాట మొదలైంది. తోమిన గిన్నెలా ఉంది.

“సముద్రమేదమ్మా?”

“హోరంతా తీసేశాం పెద్దమ్మా. ఎంత శుభ్రంగా ఉందో చూడండి!”

“మరి ఈలలు?”

“అవీ హోరుతోపాటే...”

“ఆ హోరులోనే నా బిడ్డుంది తల్లీ.”

హ్యోజు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. హోరు తీయని మొదటి నకలు వాళ్ళు దాచారని వీళ్ళు, వీళ్ళు దాచారని వాళ్ళు. చివరికి ఎవరూ దాచలేదు. బూజు పట్టిన అసలు టేపు ఎప్పుడో చెత్తలోకి పోయింది.

“మళ్ళీ పెట్టు,” అంది సున్‌దొక్.

మూడో చరణంలో అన్ని గొంతుల మధ్య నుంచి ఒక గొంతు జారిపోయింది.

“ఇదిగో, ఇక్కడే పాట చెడగొట్టావు. పంతులు ఎంత విసుక్కున్నాడనీ!” మాల్‌సుక్ గొంతులో వేళాకోళం నిలవలేదు.

నిజమే. ఆ రోజు ఓన్‌సిల్ మునిగి చాలాసేపైంది. తల్లి ఊపిరి బిగబట్టి, ఆ ఈల వినబడేదాకా పాట ఆపేసింది. సున్‌దొక్ ఇప్పుడూ అలాగే ఊపిరి బిగబట్టి, ఒక్కో వేలూ మడిచింది. ఏడో వేలు మడిచేసరికి పాటలో తన గొంతు మళ్ళీ లేచింది.

“తేలింది,” అని గాలి పీల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.