మూడో ఈల

మాది పదకొండు ఇళ్ల చోటు. ఊరనడానికి ఏ కాగితంలోనూ లేదు. కంపెనీ క్వారీ వదిలేసి పోయాక కూడా, మిగిలిన రాళ్లు కంకర కొట్టి అమ్ముకుంటూ ఉండిపోయాం. మమ్మల్నీ లెక్కలో చేర్చుకోమని అర్జీ పెడితే, మీ చరిత్ర ఒక పేజీ రాసి పంపండి అన్నారు ఆఫీసువాళ్లు. ఆ పని నాకు అంటగట్టారు.

సగం తేలిగ్గానే సాగింది. రాయి కొట్టడానికి ముందొచ్చింది అన్నదమ్ములిద్దరు: పెదనాన్న, మా నాన్న. రేకుల పాక, పెళ్లిళ్లు, పిల్లలు, వెనకే వచ్చిన కమ్మరి. తర్వాతి వాక్యం దగ్గర కలం ఆగింది.

క్వారీలో ఒక కట్టుబాటు ఉండేది. రాయి పేల్చే మందుకి ఒత్తి అంటించేవాడే ఈల ఊదాలి. మొదటి ఈలకి పని ఆపాలి, రెండోదానికి పైకెక్కాలి, మూడోది ఊదాకే నిప్పు. ఆ రోజు ఈల పెదనాన్న దగ్గరుంది. మేస్త్రీగిరి ఎవరిదని ముందురోజే ఇద్దరూ కలబడితే, నాన్న ఆయన పన్ను రాలగొట్టాడు. నేను రెండు ఈలలే విన్నాను. ఆ వెంటనే కొండ పగిలింది. నాన్నని రెండు గోనెసంచుల్లో పైకి తెచ్చారు. నాకు తొమ్మిదేళ్లు.

తూర్పు పోలీస్ స్టేషన్‌వాళ్లు మా పరిధి కాదన్నారు. పడమటి స్టేషన్ జవాను, ఒక సంచి వాళ్లకిచ్చి ఒకటి మాకివ్వండి అని నవ్వాడట. మోసుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి పాతిపెట్టారు. సాయంత్రానికల్లా అందరూ మూడు ఈలలు విన్నవాళ్లే, అమ్మతో సహా.

నేను రెండని రాశాను. రాస్తుంటే నాలో కదిలింది న్యాయం కాదు, ఆకలి లాంటిదేదో. అమ్మకి చదివి వినిపించాను, పెదనాన్నకి చేరుతుందని తెలిసే.

మర్నాడు కంకర కొడుతుంటే వచ్చాడు.

"ఏమే, రెండని రాశావట."

"రెండే విన్నాను."

"అప్పట్లో నీ చెవుల్లో చీము కారేది. మూడని రాయి. విచారణంటూ ఎవడైనా దిగాడంటే కుళాయీ రాదు, కరెంటూ రాదు. అయినా మీ నాన్న ఎన్ని ఈలలకి కదిలేవాడే?"

జుట్టు పట్టి నా తల రాళ్లకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. మళ్లీ లాగినప్పుడు చేతిలో సుత్తి ఉందని గుర్తొచ్చింది. కాదు, మొదటినుంచీ గుర్తుంది. దవడ మీద కొట్టాను. రాయి ఎక్కడ పగులుతుందో తెలిసినట్టే చేతికి అదీ తెలిసింది. కూలబడ్డాక మోకాలి మీద ఇంకోటి వేశాను. ఆ రెండో దెబ్బ అవసరం లేదు. అదే హాయిగా అనిపించింది.

పదకొండు ఇళ్లవాళ్లూ మూగారు. కమ్మరి నా చేతిలోంచి సుత్తి తీసుకుని ఇసుకతో తుడిచాడు. పెదనాన్న నోట్లోంచి మాట రాలేదు, నెత్తురూ పళ్లూ వచ్చాయి. నన్నే చూస్తూ చెయ్యెత్తి రెండు వేళ్లు చూపించాడు. పదిహేడేళ్లకి ఒప్పుకున్నాడు. అందరూ చూశారు. చూసి, నావైపు తిరిగారు.

"గట్టు మీంచి జారాడు, అంతే కదమ్మా?" అన్నాడు కమ్మరి.

విచారణ వస్తే ఇప్పుడు ముందు పట్టుబడేది నేనే. అమ్మ కొత్త కాగితం తెచ్చింది. నా నెత్తురు దానిమీద పడకుండా కొంగు అడ్డం పెట్టింది.

"మూడని రాసెయ్యవే. నిన్ను కూడా పోగొట్టుకోలేను."

మూడు ఈలలు ఊదాకే ఒత్తి అంటించారని రాశాను. పెదనాన్న వేళ్లు ఇంకా దించలేదు.