గౌడప్ప గట్టు మీది తప్పెట

ఆదోని మిల్లుల్లో పత్తి దుమ్ము మింగే అన్నలారా, ఎమ్మిగనూరు హాస్టళ్లలో నీళ్లచారు తాగి చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇది పందుల కథ అనుకోకండి. పందికి ఆకలేస్తే గుట్ట దిగుతుంది, దానికి అంతకన్నా తెలీదు. నా కోపం పందుల మీద కాదు.

నా పేరు లక్ష్మన్న. ఆదోనిలో హమాలీని. కోసిగి దగ్గర గుట్టకిందపల్లె, అందులో మాదిగగేరి మాది. శెనక్కాయ పంటకని, మా మాటలో బుడ్డలకని, ఇంటికి వచ్చి ఉన్నాను. ఆ పొద్దున మా వదిన అంజనమ్మ తన పట్టా చేనులో కూలబడి ఉంది. కాయ ఊరిన చెట్లు వేళ్లతో లేచి పడ్డాయి. సగం చేను అడవిపందులు మోరలతో దున్నేశాయి. ఈ పంట చేతికొస్తే ఈ ఏడు సుగ్గికి వలస పోనక్కర్లేదని, గుంటూరు మిరపచేలల్లో గుడారం కింద బతకనక్కర్లేదని, కూతురు భారతి బడి మానక్కర్లేదని ఆమె ఆశ. ఇంకా సగం చేను మిగిలి ఉంది.

అప్పుడే గౌడప్ప బైకు మీద వచ్చాడు. అసలు పేరు చెన్నబసప్ప. గుట్ట కింద నల్లరేగడంతా ఆయనదే. పాడైన చేను వైపు కన్నెత్తి చూడలేదు.

"జయన్న యాడ?" అన్నాడు, ఆమె మొగుణ్ణి గురించి. "రాత్రి నా గట్టు మీద తప్పెట సల్లబడింది. ఈ పొద్దు గట్టిగా కొట్టమని సెప్పు."

పంట ఊరే కాలంలో మునిమాపు నుంచి ఆయన చేని గట్టున మా గేరి మగవాళ్లు తప్పెట కొట్టి పందుల్ని బెదరగొట్టాలి. కూలి లేదు. దసరాకు ఒక టవలు పారేస్తాడు. దాన్ని ఊరి ఆచారం అంటారు. ఆచారమట! వెట్టికి పెట్టిన ముద్దుపేరు అది.

ఆ సాయంత్రం చర్చి ముందర గేరంతా కూడాం.

"ఫారెస్టోళ్లకు అర్జీ పెడదామన్నా," అన్నాడు డిగ్రీ చదివే అశోక్.

"పోయినేడు పెట్టినాం గదప్పా!" అన్నాడు జయన్న. "పందిని కొడితే మామీద కేసంట. సేను మేసిన పందిమీద ఏ కేసూ ల్యా."

అందరూ నవ్వారు. అంజనమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది.

"గుట్ట దిగిన పందికి ఎన్ని దావలుండాయి?"

"రెండే. ఒగటి గౌడప్ప సేనుకు, ఒగటి మన సేండ్లకు," అన్నాడు జయన్న.

"మీరు యాడ నిలబడి కొడతాండారు?"

జవాబు కూడా ఆమే చెప్పింది.

"గౌడప్ప గట్టు మీద! ఆ సద్దుకు బెదిరిన పంది యాడికి పోతాది? మన బుడ్డల్లోకే గదా! నా సేన్లోకి పందుల్ని తోలింది నా మొగుడే. తప్పెట మనది, సెయ్యి మనది, పోయింది మన పంట. థూ!"

మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. తాతల కాలం నుంచి అదే పని చేస్తున్నాం, పైగా ఎవరి తప్పెట బాగా మోగిందని పందేలు కూడా కాసుకున్నాం. జయన్న తల ఎత్తలేదు.

పెద్దాయన మాదన్న భయపడ్డాడు. "కొట్టకుంటే గౌడప్ప ఊరుకుంటాడా? ట్రాక్టరు ల్యాకుండా సేస్తాడు, దావ మూసేస్తాడు."

"మూసేదానికి మనకు మిగిలిందేముందన్నా?" అంది అంజనమ్మ. "కావాలంటే ఆయప్పనే కొట్టుకోమను తప్పెట."

గంటసేపు అరుచుకున్నాం. మాదన్న అలిగి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లం ఒక్కమాట మీదికి వచ్చాం. మరుసటి మునిమాపు తప్పెటలన్నీ పట్టా చేల గట్టు మీద మోగాయి. గౌడప్ప గట్టు మూగబోయింది.

పొద్దున్నే పోలీసు జీపు గేరిలోకి వచ్చింది. వెనకాలే గౌడప్ప, ప్యాంటుకు మోకాళ్ల దాకా బురద. జీవితంలో మొదటిసారి తన చేనులోకి దిగినట్టున్నాడు.

"ఎవడ్రా గౌడప్ప సేన్లోకి పందుల్ని ఉసిగొల్పింది?" అన్నాడు ఎస్సై.

"సారూ, ఇన్నేండ్లు మా సేండ్లోకి తోలినపుడు మీ జీపు రాలేదేం?" అన్నాడు జయన్న.

చెంప పగిలేలా కొట్టారు. జయన్నను ఎక్కించారు. ఇంటింటా దూరి తప్పెటలన్నీ జీపులో పడేశారు. అడ్డంపడిన భారతిని పక్కకు తోసేశారు. ఆ పిల్ల ఏడవలేదు, జీపు టైరు మీద ఉమ్మింది.

గౌడప్ప పోతూ పోతూ అంజనమ్మ దగ్గర ఆగాడు. గొంతుకు బెల్లం పూసుకున్నాడు.

"ఈ పొద్దు నా గట్టు మీద మీవోళ్లు నిలబడితే, రేపు నీ మొగుడు ఇంట్లో ఉంటాడు. తప్పెటలు నేనే తెప్పిస్తా. నీ ఇష్టం."

ఆ పూట అంజనమ్మ అన్నం ముట్టలేదు. గడప మీద కూచుని చాలాసేపు భారతి జడ వేస్తూనే ఉంది, విప్పి మళ్లీ వేస్తూ. మొగుడు కావాలా, చేను కావాలా అని ఒక ఆడమనిషిని అడిగినవాడు మనిషేనా?

పొద్దు వాలింది. గౌడప్ప తన గట్టున నాలుగు తప్పెటలు వరసగా పెట్టించి, కుర్చీ వేసుకుని ఎదురుచూస్తున్నాడు. గేరంతా కదిలింది. బోయగేరి చిన్నరైతులు కూడా వచ్చారు, వాళ్ల చేలూ గుట్ట కిందవే. అందరికన్నా ముందు మాదన్న నడుస్తున్నాడు, అలిగిన మొహంతోనే.

గౌడప్ప గట్టు దగ్గర దావ చీలుతుంది. అంజనమ్మ అక్కడ ఆగింది. ఆయన కుర్చీలోంచి నవ్వాడు. ఆమె ఆయన మొహంలోకి చూసి పిలిచింది.

"చెన్నబసప్పా!"

మా నోట ఆ పేరు ఊరు ఎప్పుడూ వినలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"నా మొగుణ్ణి నేను ఇడిపించుకుంటా, ఆదోని కోర్టు ముందర ఊరంతా కూసోనైనా సరే. నీ సేను నువ్వు కాసుకో!"

పట్టా చేల వైపు తిరిగింది. ఆమె వెనకే అందరం తిరిగాం. గట్టు పొడుగునా బారులు తీరాం. చేతుల్లో తప్పెటలు లేవు, గొంతులున్నాయి. గుట్ట మీద కంప కదలగానే ఊరు ఊరంతా ఒక్కసారి అరిచింది.

పందుల గుంపు ఆగి, పక్కకు మళ్లింది. గౌడప్ప కుర్చీ తన్నేసి, పంచె ఎగ్గట్టి, తప్పెట మెడకు తగిలించుకుని తన చేని గట్టు మీద పరుగెత్తుతున్నాడు.