ఎనిమిదో దెబ్బ

ఆ పాటలో ఉన్న ఖాళీ అంటే నాకు మొదటి రోజు నుంచే ఒళ్ళు మంట. తాళంలో ఏడు దెబ్బల దాకా పన్నెండు గొంతులూ చక్కగా కలిసి నడుస్తాయి. ఎనిమిదో దెబ్బ దగ్గర అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూసేస్తారు. మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుంటారు. ఊపిరి కోసమా అంటే, అది ఎక్కడ పడితే అక్కడ పీల్చుకుంటూనే ఉంటారు.

"తెల్లని దుప్పటి పరిచానే, మూలలు నాలుగూ లాగానే..." అంతే. ఆపైన ఏమీ ఉండదు.

"ఎందుకు పిన్నీ ఆగుతారు?" అని అడిగాను.

"అక్కడ పాట ఉండదే అమ్మడూ. అంతే" అంది పిన్ని. అదేం జవాబు!

పాడేవాళ్ళంతా పనిచేసేది ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దిండు గలీబులు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీలో. మా అమ్మ ఇరవై రెండేళ్ళు ఇక్కడ ప్రెస్ మిషన్ ముందు నిలబడింది. ఆ పాట కూడా ఆవిడ కట్టిందేనంటారు. అమ్మ పోయాక ఆ చోట్లోకి పిన్ని వచ్చింది. నన్ను మాత్రం చిన్నప్పుడే ఇద్దరూ కలిసి ఆ ఆవిరి తగలనివ్వకుండా సంగీతం స్కూల్లో పడేశారు. ఇప్పుడు స్టూడియోల్లో కోరస్ పాడతాను. రికార్డింగ్ చేసే ఆయన నన్ను ఎక్స్‌ప్రెస్ అంటాడు. ఏ స్టేషన్లోనూ ఆగనట. నిజమే, నాకు కుదురు లేదు. బస్సు కోసం నిలబడాల్సి వస్తే పక్క స్టాపుకి నడిచిపోతాను.

గుంపులో గొంతుగా పదేళ్ళు గడిపాక, నా వాళ్ళనైనా పైకి తేవాలని పట్టుదల పుట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు లాండ్రీ వెనకనున్న పాత సామాన్ల గదిలో క్లాసు మొదలుపెట్టాను. ఆడవాళ్ళు పన్నెండు మంది, వాళ్ళ వెంట పిల్లలు. రెండేళ్ళలో ఆ పిల్లల్లో ముగ్గురు స్వరం చూసి పాడటం నేర్చారు. ఇంతలో సూపర్‌వైజర్ వచ్చి, కొత్త మిషన్లు వస్తున్నాయి, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు. గది పోతే క్లాసు పోయినట్టే. ఇంకెక్కడా మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు.

ఒక కళల సంస్థ ఏడాదికో బృందాన్ని ఎంపిక చేసి, తమ హాల్లో చోటిచ్చి, పిల్లలకి వాయిద్యాలు నేర్పే మాస్టర్లని కూడా పెడుతుందని తెలిసింది. దరఖాస్తు పెట్టాను. మూడో వారంలో శనివారం పొద్దున్న వచ్చి పాడి వినిపించమన్నారు. చేతిలో ఉన్నవి ఇరవై రోజులు, ఒక పాట, అందులో ఒక చిల్లు.

ఆ చిల్లు పూడ్చడానికి నేనో మాట పెట్టాను. "మూలలు నాలుగూ లాగానే, ఓ చెల్లీ!" ఎనిమిదో దెబ్బ నిండిపోయింది. పాట ఎక్కడా ఆగకుండా ఉరుకుతోంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళకే నోరు తిరగలేదు. పన్నెండు మందిలో పది మంది మళ్ళీ అదే చోట టక్కున ఆగిపోయేవారు. ఆగడమే కాదు, చేతులు కూడా గాల్లోకి లేచేవి. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఇక్కడ మిషన్లు లేవు కదా! ఎందుకా చేతులు?" అని అరిచాను ఒకరోజు.

"అలవాటే" అంది పొడుగక్క, పిన్ని మిషన్ దగ్గరే కాలితో పెడలు తొక్కే ఆవిడ. "మిషన్ దగ్గర పాత పాట పాడుకుని, ఇక్కడికొచ్చి కొత్తది పాడమంటే ఎట్లా చెప్పు?"

"అయితే అక్కడ కూడా ఇదే పాడండి. రోజంతా పాడితే అదే వస్తుంది."

ఆ మాట అన్నది నేనే. పిన్ని నా మొహంలోకి చూసి ఏదో అనబోయింది. పిల్లలు మళ్ళీ ఎత్తుకున్నారు. నేను చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను.

"ఈ వయసులో మమ్మల్ని పైకి తెస్తావా? మోకాళ్ళ నొప్పులు, మెల్లగా తియ్యవే" అంది పిన్ని. అందరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత మిషన్ల దగ్గర కూడా బుద్ధిగా నేను చెప్పినట్టే పాడారు. నా మీద వాళ్ళకున్న ప్రేమ అలాంటిది. నేను దాన్ని నా పాఠం గొప్పదనం అనుకున్నాను.

శనివారం స్టేజీ మీద ఒక్కరు కూడా ఆగలేదు. చేతులు ఒంటికి అతికించుకుని, పన్నెండు మందీ "ఓ చెల్లీ" అని గుక్క తిప్పుకోకుండా పాడేశారు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో కళ్ళద్దాల పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"కష్టజీవుల పాటంటే ఇట్లా ఉండాలి. ఎక్కడా ఆగలేదు చూడండి!" అన్నాడు పక్కవాళ్ళతో.

సాయంత్రానికి హాలు మాదేనని ఉత్తరం ఇచ్చారు. తిరుగు బస్సులో పిల్లలు సీట్లెక్కి గంతులేశారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నాకు నేను చాలా నచ్చాను.

సోమవారం పొద్దున్న స్టూడియోలో ఉండగా ఫోనొచ్చింది. పొడుగక్క ఏడుపు తప్ప మాట వినిపించలేదు.

మేము దుప్పట్లు పంపే ఆసుపత్రిలోనే పిన్నిని పడుకోబెట్టారు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. పొడుగక్క గోడకి చేరబడి, తన కుడిపాదాన్ని తనే తిట్టుకుంటోంది.

"నేను పాత పాటలోనే ఉన్నానే తల్లీ. నోరు కొత్తదే అంటోంది, కాలు పాతది వింటోంది. ఎనిమిదో దెబ్బకి తొక్కేశాను. మీ పిన్ని ఇంకా 'ఓ చెల్లీ' అంటూ మూల సర్దుతోంది."

నాకు అప్పుడు అర్థమైంది. ఆ మిషన్లన్నీ ఒకేసారి నడిచే హోరులో "చెయ్యి తియ్యి" అని అరిస్తే పక్కవాళ్ళకి వినిపించదు. ఏడు దెబ్బల్లో ఒకరు దుప్పటి పరిచి ముడతలు సర్దాలి. ఎనిమిదో దెబ్బకి చేతులు పైకి తియ్యాలి. అవతలివాళ్ళు తొక్కుతారు, కాలే మూత కిందికి పడుతుంది. పన్నెండు మందీ కలిసి పాడేది, కలిసి ఊరుకున్నప్పుడు ఆ ఊరుకోవడం అందరికీ తెలియాలని.

"నాకు చెప్పలేదేం పిన్నీ?" అన్నాను.

"చెప్పడానికేముందే. మేమెప్పుడూ అనుకోలేదు. చేతులకి తెలుసు, అంతే. ఆ రోజు ఏదో మనసులో మెదిలింది గానీ, సంగీతం చదువుకున్నది నువ్వు కదా అని ఊరుకున్నా." చేతి కట్టు వంక చూసుకుంటూ, "మీ అమ్మ వేళ్ళు కాలాకే కదా ఆ ఖాళీ పెట్టుకుంది" అంది.

అమ్మ కుడిచేతి చివరి రెండు వేళ్ళు అతుక్కుపోయి ఉండేవి. నాకు జడ వేసేటప్పుడు మెడకి గరుగ్గా తగిలేవి. అడిగితే "చిన్నప్పుడు కాలిందిలే" అనేది.

"నువ్వు భయపడతావని అట్లా చెప్పింది" అంది పిన్ని.

నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కూర్చోలేక లేచి గేటు దాకా నడిచాను. మళ్ళీ వెనక్కి వచ్చాను. సిగ్గు, కోపం, అంతా నా మీదే. ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఒక్కరూ తిట్టలేదు.

చెయ్యి మానడానికి ఆరు వారాలు పడుతుందన్నారు డాక్టర్లు. పిన్ని చోట్లో మర్నాటికల్లా మనిషి రాకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నాడు సూపర్‌వైజర్. అలా ఒకసారి పోయిన చోటు మళ్ళీ రాదు.

"నేనొస్తాను" అన్నాను.

"మీరా? పాటలు పాడుకునే చేతులమ్మా అవి" అని నవ్వాడు. అయినా పేరు రాసుకున్నాడు.

మంగళవారం ఉదయం అమ్మ నిలబడ్డ చోట నిలబడ్డాను. హాలంతా మిషన్ల రొద తప్ప మనిషి గొంతు లేదు. ఎవరి నోట్లో ఏ పాట ఉందో ఎవరికీ నమ్మకం లేక, సోమవారం మధ్యాహ్నం నుంచి అందరూ పాడటం మానేశారట. తొక్కే ముందు పక్కవాళ్ళ భుజం తట్టుకుంటున్నారు. పని నత్తనడక నడుస్తోంది, సగం మిషన్లు ఆగే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు మా అమ్మ, ఆ తర్వాత పిన్ని నిలబెట్టిన పాటని నేను ఇరవై రోజుల్లో నోళ్ళలోంచి లాగేశాను. హాలు ఇచ్చిన ఉత్తరం మాత్రం నా బ్యాగులో భద్రంగా ఉంది.

మొదటి దుప్పటి పరిచాను. మూల అందలేదు. వంగి లాగాను. ముడత సర్దబోతే ఇంకోటి పడింది. వేళ్ళ కిందే దుప్పటి పరిచే ఇనప పళ్ళెం సెగ. పైన మూత సెగ. పొడుగక్క పాదం పైకెత్తి పట్టుకుని, తొక్కలేక నా చేతుల వంకే చూస్తోంది.

"తీశావా?" అని అరిచింది.

"ఆఁ!" అన్నాను. కానీ ఇంకో ముడత కనిపించి చెయ్యి మళ్ళీ లోపలికి పోయింది. నా బుద్ధే అంత. పొడుగక్క చటుక్కున చెయ్యి చాచి నా మణికట్టు పట్టి ఇవతలికి లాగింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దీనికి ఆగడం రాదర్రా!" అని హాలంతా వినబడేలా కేకేసింది. "కాల్చుకుంటుంది!"

ఒక్క క్షణం మిషన్లే మోగాయి. తర్వాత చివరి వరసలోంచి ఎవరో సన్నగా ఎత్తుకున్నారు. "తెల్లని దుప్పటి పరిచానే..." రెండో గొంతు కలిసింది, మూడోది కలిసింది. పొడుగక్క కూడా నా కళ్ళలోకి చూస్తూ, పిల్లకి అన్నం తినిపించినట్టు ఒక్కొక్క మాటా పలికింది. తమ చేతుల కోసం పాడటానికి భయపడినవాళ్ళు, నా చేతుల కోసం పాడుతున్నారు.

"మూలలు నాలుగూ లాగానే..."

నా నోట్లో "ఓ చెల్లీ" సిద్ధంగా ఉంది. పళ్ళ మధ్య గట్టిగా పట్టుకుని, చేతులు రెండూ పైకెత్తాను. హాలంతా ఊరుకుంది.

మూత పడింది.