గట్టు మీద పెట్టిన ఒట్లు

నేను ఒక తురుముపీటను. కత్తిపీటకున్న గౌరవం నాకు లేదు. దాన్ని చూస్తే పిల్లలు ఆమడ దూరం జరుగుతారు. రోలుకున్న వైభోగమూ లేదు. పెళ్లిళ్లలో దానికి పసుపు రాసి బొట్టు పెడతారు. నేను వట్టి రేకు ముక్కను, ఒళ్లంతా చిల్లులు. గుట్టు దాచడానికి నాలాంటిదాన్ని ఎవరైనా నమ్ముతారా అని మీరు నవ్వుకోవచ్చు. నమ్మారు, నేనూ దాచాను. దాచలేకపోయింది ఎవరో చెబుతాను, వినండి. మొహమాటపడే వయసు నాకు దాటిపోయింది.

మొదట నేను నూనె డబ్బాను. నూనె అయిపోయాక రాజమండ్రిలో మస్తాను సాయిబు నన్ను కోసి, చదును చేసి, చెక్క దిమ్మ మీద పడుకోబెట్టి మేకుతో పొడిచాడు. ఒక పక్క నుంచి దెబ్బ పడితే రెండో పక్క పళ్లు మొలుస్తాయని ఆ రోజే తెలుసుకున్నాను. తర్వాత నన్ను తాడుకు గుచ్చి శివరాత్రి తీర్థంలో అంగడి ముందు వేలాడదీశాడు. భ్రమరాంబ అనే పిల్ల తల్లి బేరమాడి, నన్ను సగం ధరకు కొన్నానని ఊరంతా చెప్పుకుంది. సాయిబు నా ధర ముందే రెట్టింపు చెప్పాడని ఆవిడకు తెలియదు.

ఆ ఇంట్లో నా రోజులు మహారాజులా గడిచాయి. మామిడికాయ తురుము పచ్చడికి నేనే, క్యారెట్ హల్వాకి నేనే. నా పనంతా నలుగురి ఎదుట జరిగేది. భ్రమరాంబకు మండపేట సంబంధం కుదిరి కాపురానికి వెళ్లేటప్పుడు ఇత్తడి బిందెలూ స్టీలు గిన్నెలతో పాటు నన్నూ పాత పేపర్లో చుట్టి పంపారు.

మండపేటలో భ్రమరాంబ భర్త వీర్రాజుకు మోటార్లు వైండింగు చేసే షాపుంది. అతని తల్లి గంగారత్నం ఆ ఇంట్లోనే ఉంటుంది. కొన్నేళ్లకు లాస్య పుట్టింది. బక్కపలచని పిల్ల, కళ్లు మాత్రం చారడేసి. ఆ పిల్లకు అన్నం పెట్టడం ఇంట్లో ఓ తంతు. భ్రమరాంబ బేసిన్లో అన్నం కలిపి వంటింటి గుమ్మంలో కూర్చునేది, ఎదురుగా లాస్య. "చెయ్యి చాపు" అంటే చిన్న అరచెయ్యి ముందుకొచ్చేది. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది ఎవరికీ పెట్టని దొంగ ముద్ద అంటూ తల్లి పెడుతుంటే పిల్ల లెక్క మరిచి తినేది. ఆ ఇంట్లో తలచుకుంటే ఇప్పటికీ నాకు తీపిగా తోచేది అదొక్కటే.

చిక్కల్లా కూరతోనే వచ్చింది. ముద్దలో బెండకాయ ముక్క తగిలిందా, నాలుకతో బయటికి తోసేసేది. బడికి డబ్బాలో పంపిన జామకాయ ముక్కలు సాయంత్రానికి నల్లబడి తిరిగొచ్చేవి. ఆ విద్య పిల్లకు ఎవరు నేర్పారో వంటింటి గట్టు పైన మేకు మీద నుంచి నాకు రోజూ కనబడేది. వీర్రాజు అన్నం తినేటప్పుడు కూరముక్కలన్నీ ఏరి పళ్లెం అంచున బుద్ధిగా వరస పేరుస్తాడు. పులుసు మాత్రం జుర్రుకుంటాడు. గురువును మించిన శిష్యురాలు తయారైంది, అంతే.

ఓ రోజు బళ్లో నర్సు ఎస్తేరమ్మ పిల్లల కళ్లు పరీక్ష చేసింది. లాస్య కింది రెప్ప లాగి చూసి తల్లినీ తండ్రినీ పిలిపించింది.

"రెప్ప లోపల పాలిపోయింది చూడండమ్మా. పిల్లకి రక్తం లేదు. కూరలూ పళ్లూ ఏవన్నా పెడుతున్నారా అసలు?"

"అదేనండి, నేనూ అదే అడుగుతున్నాను" అన్నాడట వీర్రాజు, పెళ్లాం వైపు తిరిగి.

ఇంటికొచ్చాక గంగారత్నం అందుకుంది. "మా రోజుల్లో పిల్లలు పెట్టింది తినేవోరు. అంతా పెంపకంలో ఉంటాదే అమ్మా." ఆ పెంపకంలో పెరిగిన కొడుకు ఆ పూట కూడా వంకాయ ముక్కలు పళ్లెం అంచున పేర్చి లేచాడు. ఎస్తేరమ్మ ఇచ్చిన కాగితం భ్రమరాంబ వంటింటి తలుపుకు అంటించింది. దాని మీద నవ్వుతున్న అమ్మ బొమ్మ, చేతిలో బుట్ట, బుట్టనిండా కూరలూ పళ్లూ. నాన్న బొమ్మ వేయడానికి కాగితంలో చోటు చాలలేదు కాబోలు.

భ్రమరాంబ కథలు చెప్పి చూసింది. బతిమాలింది, బూచాడొస్తాడంది, చివరికి ఏడ్చింది. ఏదీ పారలేదు. అప్పుడు ఓ పొద్దున, పిల్ల లేవకముందే, నన్ను మేకు మీద నుంచి దించింది.

ఆనపకాయను నా మీద సన్నగా తురిమి, నీళ్లు పిండి, దోసెల పిండిలో కలిపేసింది. మర్నాడు క్యారెట్ తురుము పప్పులో కరిగిపోయింది. బీరకాయ పెసరట్టులోకి వెళ్లింది. యాపిల్ సేమియా పాయసంలో మాయమైంది. తొక్కులు పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుగున దాచేది. నన్ను కడిగి, తుడిచి, పళ్లు గోడ వైపు తిప్పి తగిలించేది. దొంగసొత్తు దాచినట్టుందని నాకు ఒక పక్క నవ్వొచ్చేది. మరో పక్క గర్వంగానూ ఉండేది. ఇంత నమ్మకంగా నన్నెవరు వాడుకున్నారు గనక?

పిల్లలు తెలివితక్కువవాళ్లనుకునేది పెద్దవాళ్లు మాత్రమే. ఓ మధ్యాహ్నం లాస్య ముద్ద అందుకుని ఆగిపోయింది.

"ఇందులో ఏం కలపలేదు కదమ్మా?"

"ఏం కలపలేదే. పప్పన్నం."

"నా మీద ఒట్టు?"

భ్రమరాంబ చెయ్యి బేసిన్లోనే ఉండిపోయింది. మా వైపు ఇది ఆషామాషీ మాట కాదు. కోర్టు బోనెక్కి అబద్ధాలాడి దర్జాగా దిగొచ్చినవాడు కూడా, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పమంటే వెనకాడతాడు. దొంగ ఒట్టు ఆ తలకే చుట్టుకుంటుందని భయం. ఆవిడ ఎడమ చెయ్యి నెమ్మదిగా లేచింది. పొద్దున నన్ను పట్టుకున్న చెయ్యి అది.

"నీ మీద ఒట్టు తల్లీ."

పిల్ల ముద్ద తినేసింది, ఇంకోటి అడిగింది. తినిపించడం అయ్యాక భ్రమరాంబ వంటింట్లోకి వచ్చి, గట్టు మీద అరచెయ్యి ఆనించి, పెదాలు కదిలీ కదలకుండా అంది, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను." చిన్నప్పుడు ఆటల్లో మీరందరూ విన్న మాటే. ఆ మాట అంటే ఒట్టు విడిపోతుందని, దోషం అంటదని పిల్లల నమ్మకం. ఇంత పెద్ద ఇల్లాలు దాన్ని పట్టుకు వేలాడటం చూసి నాకు జాలేసింది. లాస్య అడిగినప్పుడల్లా ఆవిడ ఒట్టు వేసింది, వేసినప్పుడల్లా ఇక్కడికొచ్చి దించింది. ఆ గట్టు మీద ఉప్పు డబ్బా, పైన మేకుకు నేను, మా మధ్య ఆ ఒట్లు.

పని జరిగింది మరి. లాస్య బుగ్గలకు రంగొచ్చింది. బడి మెట్లెక్కితే ఆయాసపడే పిల్ల తొక్కుడుబిళ్ల ఆడి చెమటలతో ఇంటికొస్తోంది. ఎస్తేరమ్మ మళ్లీ రెప్ప లాగి చూసి, ఏం మాయ చేశారని అడిగితే భ్రమరాంబ గొంతు తగ్గించి చెప్పేసింది. నర్సు ఎగిరి గంతేసినంత పని చేసింది. బళ్లో తల్లుల మీటింగు ఉంది, వచ్చి అందరికీ చేసి చూపించమంది. పిల్లకు తెలిస్తే ఎలా అని భ్రమరాంబ వెనకాడితే, పిల్లల్ని ఆటస్థలానికి పంపేస్తామంది.

ఒక్కమాట భ్రమరాంబ తరఫున చెప్పాలి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ వంటను ఆ ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. ఉప్పు తగ్గిన రోజున మాత్రమే వీర్రాజుకు వంట గుర్తొచ్చేది. అలాంటి మనిషిని నలుగురి ముందు నిలబడి మాట్లాడమంటే కాదనగలదా? మంచి చీర కట్టుకుంది. చేతిసంచిలో ఒక లేత ఆనపకాయ, పక్కన నేను.

మీటింగు గదిలో బల్ల మీద నన్ను నిలబెట్టి తురమడం మొదలుపెట్టింది. మొదట గొంతు వణికింది. తల్లులు తలలాడించేసరికి కాస్త నిలబడింది. ఎవరో నవ్వేసరికి ఇంకాస్త పెరిగింది. ఏ కూర ఎందులో దాచాలో, తొక్కులు ఎలా మాయం చేయాలో పూసగుచ్చినట్టు చెప్పింది. వెనక నుంచి ఒకావిడ అడిగింది, "మా వోడు అనుమానం మనిషండి. కనిపెట్టేస్తే?"

"మా పిల్ల ఒట్టు వెయ్యమంటాదండి" అంది భ్రమరాంబ నవ్వుతూ. "తల మీద చెయ్యెట్టి వేసేత్తాను. ఏం చేత్తాం మరి, తినాలి కదా!"

గది గొల్లుమంది. చప్పట్లు కొట్టారు. ఆటస్థలానికి పంపిన పిల్లల్ని పుచ్చకాయ ముక్కలు పంచడానికి అప్పుడే వెనక్కి పిలిచారన్న సంగతి లోపల ఎవరికీ తెలియదు. బల్ల మీద ఉన్న నాకు కిటికీ కనబడుతోంది. కిటికీ అవతల లాస్య, చేతిలో ఎర్రటి ముక్క, మోచేతి దాకా కారుతున్న రసం. భ్రమరాంబ ఇంకా నవ్వుతూనే ఉంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. లాస్య ఆ ముక్కను కొరక్కుండా కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఒళ్లంతా చిల్లులున్న నేను ఒక్క మాట జారనివ్వలేదు. నోరొక్కటే ఉన్న మనిషి నాలుగు చప్పట్లకు మొత్తం ఒలకబోసింది.

ఆ రాత్రి "చెయ్యి చాపు తల్లీ" అంటే లాస్య చెయ్యి చాపలేదు. పిడికిలి బిగించి ఒళ్లో దాచుకుంది. మంచినీళ్లు కూడా వాసన చూసి తాగింది. తన చేత్తో చింపిన బిస్కెట్ ప్యాకెట్టు, తను ఒలుచుకున్న అరటిపండు, అంతకుమించి ఏదీ ముట్టలేదు. ఎక్కడో ఎవరో సీలు వేసిన ప్యాకెట్టును నమ్మింది కానీ కన్నతల్లి చేతిని నమ్మలేదు. నీ వల్లేనని వీర్రాజు అరిచాడు. ఆవిడ ఎవరి మీద అరవాలి? నా మీద అరిచింది. "ఈ దిక్కుమాలిన రేకు వల్లే వచ్చిందిదంతా!" అంటూ విసిరితే వెళ్లి అటక మీద పడ్డాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. నాకు కడుపు మండిపోయింది. నా పళ్లు అరగదీసుకుని ఆ పిల్లకు రక్తం పట్టించాను. గుట్టు విప్పింది తను, అటకెక్కింది నేను.

అటక మీద చీకట్లో పడుండి, అంచు నుంచి కనబడినంత చూస్తూ వంటింటి మాటలు వింటూ ఉండేదాన్ని. కొన్నాళ్లకు లాస్య గొంతు వినబడింది.

"వంకాయలు పెద్ద ముక్కలు కొయ్యి. నాకు కనబడాలి."

కత్తిపీట పక్కనే కూర్చుని కాపలా కాసేది. వేరే పళ్లెంలో వడ్డించమని చెప్పి, ఒక్కో ముక్కా తిప్పి చూసి, తన చేత్తో తనే తినేది. బెండకాయ తింది, బీరకాయ తింది. కాకరకాయకు కళ్లమ్మట నీళ్లు కారినా మింగింది. జామకాయ నల్లబడి ఇంటికి రావడం మానేసింది. ఎస్తేరమ్మ తన మీటింగు వల్లే ఇదంతా అంది. వీర్రాజు నా కూతురు ఎంత బుద్ధిమంతురాలో అని షాపులో చెప్పుకున్నాడు, తన వంకాయ ముక్కలు మాత్రం యథాప్రకారం పళ్లెం అంచునే. భ్రమరాంబ కోరుకున్నదంతా జరిగిపోయింది. ఆవిడ మాత్రం రోజూ అలవాటుగా బేసిన్లో అన్నం కలిపి గుమ్మంలో కూర్చునేది. ఎదురుగా ఎవరూ ఉండరు. కాసేపు చూసి, అది తనే తినేసేది.

ఓ ఆదివారం వీధిలో కేక వినబడింది. "పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలూ!" భ్రమరాంబ స్టూలేసుకుని నన్ను దించింది. తుప్పు పట్టి, బూజు పట్టి ఉన్నాను. నన్ను పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి మెట్టు మీద లాస్య దోసకాయ ముక్కలు తింటోంది. నన్ను చూడగానే నమలడం ఆపింది.

"అమ్మా, నేను చచ్చిపోతానా?"

"అవేం మాటలే!"

"నా మీద దొంగ ఒట్లు వేశావు కదా, చాలాసార్లు. దొంగ ఒట్టేస్తే తల పగిలిపోద్దని మా క్లాసులో అందరూ అన్నారు. ఒంట్లో రక్తం బాగా ఉంటే ఏం కాదని ఎస్తేరమ్మ సిస్టరుగారు చెప్పారు. అందుకే కూరలన్నీ తినేస్తున్నాను."

ఇన్నాళ్లూ అందరూ మెచ్చుకున్న ఆ తిండి, తల్లి ఒట్టు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి ఆ పసిపిల్ల ఒంటరిగా మింగిన మందన్నమాట.

"లేదమ్మా, నీకేం కాదు. ప్రతిసారీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. నిజం తల్లీ, నీ మీద ఒట్టు..."

అలవాటైన చెయ్యి కదా, అదే లేచింది. లాస్య రెండు చేతులతో తల కప్పుకుని మెట్టు మీద వెనక్కి జరిగింది.

బండివాడు ఆవిడ రెండో చేతిలోంచి నన్ను లాక్కుని త్రాసులో పడేసి, ఉల్లిపాయలు పట్టుకోమని పిలిచాడు. భ్రమరాంబ వినిపించుకోలేదు. లేచిన చెయ్యి ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడింది. బండి సందు మలుపు తిరిగేదాకా నాకు కనబడింది ఆ చెయ్యే.

ఇప్పుడు ఇనప కొట్టు వెనక, విరిగిన సైకిలు చక్రాల కింద ఉన్నాను. త్వరలో కరిగిస్తారట. ఈసారి ఏమవుతానో తెలియదు. తల్లులకు పాఠాలు చెప్పడానికి నేను ఎస్తేరమ్మను కాను. కూరలు పెట్టండి, పళ్లు పెట్టండి, పక్కన కూర్చోబెట్టి మొగుడికీ పెట్టండి. పెట్టేది పిల్ల కళ్లెదుట పెట్టండి. ఇవాళ ఉమ్మేస్తే రేపు మళ్లీ పెట్టండి. నన్ను మాత్రం గోడ వైపు తిప్పి తగిలించకండి.

నేనైతే ఆ ఇంటి గట్టు దిగొచ్చేశాను. ఆ ఒట్లు ఇంకా దాని మీదే ఉన్నాయి.