కదలని బండి

పొద్దున్నే డ్యూటీ ఎక్కిన ఐలేశం పెట్టెలెత్తే తన ఫోర్క్‌లిఫ్ట్ చక్రాల సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ పట్టీలు లాగి పారేస్తున్నాడు. అది ఎవరూ చెప్పని పని. బండి తనది కాదు, గోదాం తనది కాదు. అయినా షాద్‌నగర్ వచ్చిన నాటి నుంచి ఆ బండిని తుడవకుండా ఎక్కింది లేదు. సీటు చిరిగితే తనే టేపు వేశాడు. హారన్ మూగబోతే తనే వైరు కలిపాడు. పొట్టి మనిషి, మందపాటి మెడ. బియ్యం మిల్లులో మూటలు మోసిన కాలానికి గుర్తుగా కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. బండి వెనక్కి తీసేటప్పుడు అద్దాన్ని నమ్మడు. సగం ఒళ్లు బయటికి వేసి, తల గిరుక్కున తిప్పి చూస్తాడు. అతని చేతిలో ఒక్క పెట్టె కూడా పగల్లేదని గోదాం అంతా ఒప్పుకుంటుంది.

తల తిప్పి చూసే ఆ మంచి అలవాటే ఇప్పుడు కొంప ముంచుతోంది. గోదాంలో పాత అరలు పీకేసి కప్పు దాకా కొత్తవి వేశారు. వాటి మధ్య ఇరుకు దారుల్లో తిరుగుతూ డ్రైవర్‌ను కూడా పైకి లేపే పొడుగు బండి ఒకటి వస్తోంది. దానికి డ్రైవర్ ఒక్కడే కావాలి. ఇప్పుడున్న ఇద్దరిలో మిగిలినవాడు లోడింగుకు పోయి మళ్లీ మూటలెత్తాల్సిందే. ఖరీదైన బండిని నేర్చుకునేవాళ్ల చేతిలో పెట్టడానికి మనసొప్పక కంపెనీ వీఆర్ హెడ్‌సెట్ ఒకటి తెప్పించింది. దాన్ని అందరూ డబ్బా అంటారు. కళ్లకు తగిలించుకుంటే గోదాం అంతా అందులోనే కనబడుతుంది. కుర్చీలో కూర్చుని మీటలు తిప్పితే బండి నడుస్తున్నట్టే ఉంటుంది. ఐలేశానికి మాత్రం కాసేపట్లోనే నోట్లో నీళ్లూరి, చెమటలు పట్టి, కడుపులోది గొంతులోకి వస్తుంది. అలవాటుకొద్దీ వెనక్కి తల తిప్పాడా, ఇక బకెట్టే గతి.

కక్కుకోవడాన్ని ఎలాగోలా ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది నాగేందర్‌ని. నాగేందర్ అతని బామ్మర్ది, భార్య స్వరూపకు తమ్ముడు. కొల్లాపూర్ దగ్గర ఊళ్లో ఖాళీగా తిరుగుతుంటే తెచ్చి తన కిరాయి ఇంట్లో పెట్టుకుని, తన బండి మీదే నేర్పించి, సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడి పనిలో పెట్టింది ఐలేశమే. ఇప్పుడు వాడు డబ్బా తగిలించుకుని సినిమా చూస్తున్నట్టు కూర్చుంటాడు. మొదట్లో వాడికీ తల తిరిగింది. కొంచెం తేడా చేయగానే డబ్బా తీసి పక్కన పెట్టి, అల్లం ముక్క నమిలి, కుదుటపడ్డాక మళ్లీ పెట్టుకునేవాడు. ఐలేశం అలా తీయడు. తీస్తే ఓడినట్టని పళ్లు బిగబట్టి కూర్చుంటాడు. చివరికి కక్కేది తను, మెప్పు పొందేది వాడు. కన్నుకుట్టింది అనడం చిన్నమాట. ఇంట్లో ఇద్దరూ కలిసి అన్నం తింటుంటే వాడి ముద్ద తన ముద్దకంటే పెద్దగా కనబడేది.

ఆ రోజే చివరి పరీక్ష. ఐలేశం ఏమీ తినకుండా వచ్చాడు. చిన్నప్పుడు అతనికి బస్సు పడేది కాదు. మహబూబ్‌నగర్ పోవాల్సి వస్తే తల్లి ముందురోజు నుంచే పస్తుంచేది. కడుపులో ఏమీ లేకుంటే ఏం బయటికొస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం కొడుక్కీ పోలేదు.

"జర రొట్టె తిని పో. తమ్ముడు తిన్నడు," అంది స్వరూప అతను బయల్దేరేటప్పుడు.

"వాడు తింటడు. వానికేం ఫికర్?" అని చెప్పులేసుకున్నాడు.

బండి తుడవడం అయ్యాక పరీక్ష గదికి పోయాడు. నాగేందర్ అప్పటికే అక్కడున్నాడు. శిక్షణ ఇచ్చే నిరోష నల్లగొండ పిల్ల. అతని మొహం చూడగానే పసిగట్టింది.

"ఏమన్న తిన్నరా అన్నా?"

"లేదు మేడం. కడుపు ఖాళీగుంటే మంచిదని..."

"అయ్యో, ఖాళీ కడుపుకే ఎక్కువ తిప్పుతది! గీ బిస్కెట్లన్న తినుండ్రి. తల జల్ది తిప్పకుండ్రి. కండ్లు బండి పోతాందని చెప్తయ్, ఒళ్లేమో కుర్చీల కూసున్ననంటది. గా కొట్లాటకే కడుపుల తిప్పుడు. ఎదురుంగ ఫ్యాన్ తిరుగుతుంటే ముందు ఎటువైపో ఒంటికి తెలుస్తది. ఒక్క మాట ఇద్దరూ వినుండ్రి. నేర్చుకునేటప్పుడు తీసినట్టు ఇయ్యాల మధ్యల డబ్బా తీస్తే పరీక్ష పోయినట్టే."

ముందు నాగేందర్ వంతు. వాడు చూస్తున్నదంతా గోడ మీది తెరలో కనబడుతోంది. ఇరుకు దారిలో బండి ఒరుసుకోకుండా పోయింది. మలుపు దగ్గర వాడు తల నెమ్మదిగా తిప్పాడు. పెట్టె పై అర దాకా లేచింది. అప్పుడే ఫోన్ మోగితే నిరోష బయటికి వెళ్లింది.

ఫ్యాన్ స్విచ్ ఐలేశం పక్కనే ఉంది. అతను పెద్దగా ఆలోచించలేదు. తను నేర్పినవాడు, తన తిండి తిన్నవాడు, రేపు ఆ ఎత్తున కూర్చుని, కింద మూటలెత్తే తనను పైనుంచి చూస్తాడు. ఆ బొమ్మ కళ్లముందు నిలిచింది. చేయి స్విచ్ మీదికి పోయింది.

రెక్కలు మెల్లగా ఆగిపోయాయి. నాగేందర్ మెడ మీద చెమట పోసింది.

"బావా, ఫ్యానాగింది."

"కరెంట్ పోయినట్టుంది," అన్నాడు ఐలేశం. ఎదురుగా తెర వెలుగుతూనే ఉంది.

నాగేందర్ డబ్బాను కింది నుంచి కాస్త ఎత్తి, సందులోంచి చూశాడు. వెలుగుతున్న లైటును చూశాడు. స్విచ్ మీది చేతిని చూశాడు. మళ్లీ దించుకుని మీటలు పట్టుకున్నాడు. కాసేపటికి తెర మీద పెట్టె అరకు కొట్టుకుంది, బండి ఊగింది. వాడు డబ్బా తీసి కుర్చీలో పెట్టి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని బాత్రూంకు పరుగెత్తాడు.

నిరోష వచ్చేసరికి ఫ్యాన్ తిరుగుతోంది. తెర చూసి ఉసూరుమంది.

నాగేందర్ మొహం కడుక్కుని వచ్చాడు. ఐలేశం స్విచ్‌కు దూరంగా జరిగాడు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడే చెప్తాడనుకున్నాడు. వాడు మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"లోడింగ్ నాతోని కాదు మేడం. ఊరికి పోత. ఎవలదన్న ట్రాక్టర్ నడుపుకుంట బతుకుత."

"జర ఆగుండ్రి, ఇంత తొందరెందుకు?" అంది నిరోష.

"కొల్లాపూర్ బస్సుంది మేడం." తర్వాత ఐలేశం వైపు తిరిగాడు. "అక్కకు నేనే ఫోన్ చేస్త బావా. నువ్వేం చెప్పకు. డబ్బా పెట్టుకున్నంక కిందికి, ముక్కు పక్కకు చూడు. కడుపుల తిప్పినట్టైతే చూపు గక్కడ పెట్టు."

తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయాడు.

ఐలేశం కుర్చీలో కూర్చుని డబ్బా తగిలించుకున్నాడు. గోదాం తెరుచుకుంది. ఎడమ కంటి అద్దం కింది మూలన ఎర్రగా ఏదో కనిపించింది. మరకేమోనని కళ్లు చిట్లించి చూశాడు. బొట్టుబిళ్ల. అంచు చుట్టూ తెల్లపూసలు. స్వరూప రోజూ నుదుట పెట్టుకునేదే. చూపు నిలిపి తిరిగే తలను ఆపుకోవడానికి వాడు ఈ పొద్దున అక్క దగ్గర అడిగి తెచ్చి అంటించుకున్నట్టున్నాడు. పోతూ పోతూ గోటితో గీకి పారేసి ఉండవచ్చు. పారేయలేదు.

"మొదలుపెట్టుండ్రి అన్నా," అంది నిరోష.

మీటలు కదిలాయి. అరలు ఎదురొచ్చాయి, పక్కకు పోయాయి. నేల కిందికి దిగిపోయింది. కడుపు పైకి లేచిన ప్రతిసారీ అతని చూపు మూలకు పోయి ఆ బిళ్లను పట్టుకుంది. పెట్టె పై అరలో ఒదిగి కూర్చుంది. నిరోష చప్పట్లు కొట్టింది.

"శభాష్ అన్నా! ఒక్క చుక్క చెమట పట్టలే. తీసెయ్యిండ్రి ఇగ."

అతను తీయలేదు. సిగ్గుతో మొహం కాలిపోతోంది. ఆ మొహాన్ని ఎవరికీ చూపించాలని లేదు. నాగేందర్ వెళ్లిన తలుపు కోసం తల తిప్పాడు. డబ్బాలోని గోదాం అంతా పక్కకు జరిగిపోయింది. బొట్టుబిళ్ల మాత్రం ఉన్నచోటనే, ముక్కు పక్కన, ఎర్రగా నిలబడి ఉంది.